సర్వతంత్రస్వతంత్రుల పారతంత్ర్యము

శ్రీమద్రామానుజుల దర్శనమును కాపాడిన ఆచార్యులలో శ్రీ వేదాంతదేశికులకు గల బిరుదములు మూడు ప్రసిద్ధములు. వేదాంతాచార్య బిరుదమును శ్రీరంగనాథుడును, సర్వతంత్రస్వతంత్ర బిరుదమును శ్రీరంగనాయకి అమ్మవారును అనుగ్రహించిరని సంప్రదాయము. కవితార్కికసింహమని విద్వల్లోకము కొనియాడినది. వీనిలో స్వతంత్ర శబ్దము గల బిరుదము కొంత ఆలోచింపదగినది. సర్వేశ్వరుడొక్కడే స్వతంత్రుడు, జీవుడు ఆయనకు పరతంత్రుడు అని నూరేండ్ల జీవితమంతయు ప్రతిపాదించిన మహనీయునకు స్వతంత్రుడను పేరు నిలిచినది. తంత్రమనగా శాస్త్రము, సకలశాస్త్రములయందును పరుల నాశ్రయింపక నడువగలవాడని అర్థము చెప్పినచో శబ్దవిరోధము తొలగును. ప్రశ్న మాత్రము తొలగదు.

మానవుడు చేయు పని అతడే చేయుచున్నాడా, పూర్వకర్మ చేయించుచున్నదా, లేక లోపలనున్న అంతర్యామి నడుపుచున్నాడా? పంట పోయిన రైతును, బిడ్డను పోగొట్టుకొన్న తల్లియు, తప్పు చేసి పట్టువడినవాడును ముగ్గురును అంతయు తలవ్రాత యనియే అందురు. మొదటి యిద్దరి నోట ఆ మాట ఓదార్పు. మూడవవాని నోట అది తప్పించుకొను దారి. ఒకే మాట ఒకచోట సత్యముగను, ఒకచోట సాకుగను ఎట్లగును? ఈ చిక్కును విప్పుటకు దేశికులు వ్రాసిన గ్రంథములు ఎంత ముఖ్యములో ఆయన జీవించిన తీరు కూడ అంత ముఖ్యము.

కాంచీనగరమునకు చేరువనున్న తూప్పుల్ అను అగ్రహారమున 1268వ సంవత్సరమున, విభవ సంవత్సర కన్యామాసమున, తిరుమలేశుని నక్షత్రమైన శ్రవణమునాడు ఆయన జన్మించిరి. తండ్రి అనంతసూరి, తల్లి తోతారంబ. సంతానమును కోరి దంపతులు తిరుమలయాత్ర చేయగా, ఆ రాత్రి స్వప్నమున తోతారంబ స్వామి ఆరాధనపు ఘంటను మ్రింగినట్లు కనెననియు, తెల్లవారునప్పటికి సన్నిధిలో ఘంట కానరాలేదనియు పెద్దలు చెప్పుదురు. అందుచేతనే ఆయనను ఘంటావతారమందురు. ఈ ప్రసిద్ధిని దేశికులే తమ సంకల్పసూర్యోదయ నాటక ప్రస్తావనలో సూచించియున్నారు. బిడ్డకు వేంకటనాథుడని పేరిడిరి.

ఘంట తనంత తాను మ్రోగదు. మ్రోగించు చేయి వలయును. అయినను వెలువడు నాదము ఘంటదే కాని చేతిది కాదు. కంచు మంచిది కానిచో ఎంతటి చేయియైనను ఆ నాదమును పలికింపజాలదు. పెద్దలు ఏ భావముతో ఈ అవతారకథను చెప్పికొనిరో కాని, దేశికుల సిద్ధాంతమున కింతకంటె దగ్గరి పోలిక దొరకుట కష్టము.

ఐదేండ్ల ప్రాయమున మేనమామయైన ఆత్రేయ రామానుజులు బాలుని వెంటబెట్టుకొని నడాదూర్ అమ్మాళ్ అను వాత్స్య వరదాచార్యుల శ్రీభాష్య కాలక్షేపమునకు వెళ్ళిరి. బాలుని తేజస్సును చూచి అమ్మాళ్ పాఠము నాపి పలుకరించిరి. మరల ఆరంభింపబోగా ఎచట ఆపినదియు గోష్ఠిలో నెవ్వరికిని స్ఫురింపలేదు. ఆ వాక్యమును బాలుడే అందించెను. అమ్మాళ్ ఆశ్చర్యపడి, ఈ బిడ్డ మతస్థాపకుడు కాగలడని ఆశీర్వదించిరి. తాము వృద్ధులగుటచే విద్య చెప్పు భారమును ఆత్రేయ రామానుజులకే అప్పగించిరి. ఆ అమ్మాళ్ శిష్యులలో సుదర్శనసూరి యొకరు. గురువు చెప్పిన శ్రీభాష్య వ్యాఖ్యానమును విన్నది విన్నట్లు తాళపత్రముల కెక్కించిన మహోపకారి ఆయన. ఆ గ్రంథమే శ్రుతప్రకాశిక. దాని పేరు పాఠకులు మనస్సున నుంచుకొనవలయును.

ఇరువదియేండ్లు నిండునప్పటికి వేంకటనాథుడు వేదవేదాంగములను, తర్క మీమాంసలను, ద్రావిడప్రబంధమును సాధించెను. తిరుమంగై అను సాధ్వితో వివాహమైనది. మేనమామ తన అంత్యకాలమున ఉపదేశించిన గరుడమంత్రమును జపించుటకు, ఇప్పటి కడలూరునకు చేరువనున్న తిరువహీంద్రపురమునకు వెళ్ళి ఔషధగిరి మీద కూర్చుండెను. గరుత్మంతుడు ప్రత్యక్షమై హయగ్రీవమంత్రము నుపదేశించెననియు, హయగ్రీవుని అనుగ్రహముచే వాక్కు సిద్ధించెననియు గురుపరంపరాగ్రంథములు చెప్పుచున్నవి. ఆ క్షేత్రమున వెలసిన దేవనాయకుని స్తుతించుచు సంస్కృతమున పంచాశత్తును, ప్రాకృతమున అచ్యుతశతకమును రచించిరి.

తిరువహీంద్రపురమున దేశికుల తిరుమాళిగలో ఒక బావి నేటికిని కలదు. దానికొక కథ కలదు. స్వతంత్రుడను బిరుదమును సహింపలేని యొక తాపీపనివాడు, సర్వమును తెలిసినవారైనచో తమ చేతులతో బావిని కట్టి చూపవలయునని ఆయనను సవాలు చేసెనట. దేశికులు అంగీకరించిరి. ఆ పనివాడు తెచ్చి యిచ్చిన ఇటుకలు మాత్రము సరియైనవి కావు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి వంకర. వేరు ఇటుకలు తెమ్మని ఆయన అడుగలేదు. ఏ వంకర కేది తగునో చూచుకొనుచు వానితోడనే బావి కట్టిరి. పనివాడు నమస్కరించెను.

ఈ కథను ఆయన తమ వాదమునకు దృష్టాంతముగ నెచటను వాడలేదు. అయినను ఇటుకలు మన చేతిలో లేవు, కట్టుట మన చేతిలో నున్నది అనునదే దేశికులు జీవుని కర్తృత్వమును గూర్చి చెప్పిన దాని సారము. పుట్టిన కులము, దేహము, తల్లిదండ్రులు, పూర్వవాసనలు ఇవియన్నియు వంకర ఇటుకలు. వానిని తెచ్చి పోసినది మన ప్రాచీనకర్మమే అని శాస్త్రము చెప్పుచున్నను, ఈ జన్మలో నిలిచి చూచువానికి అవి తెచ్చి యిచ్చినవే.

శాస్త్రదృష్టితో ఈ విషయమును బ్రహ్మసూత్రముల రెండవ అధ్యాయమున రెండు అధికరణములు విచారించుచున్నవి. కర్త్రధికరణమున జీవుడు కర్తయే అని నిర్ణయము. కారణము సులభము. ఇది చేయుము, ఇది మానుము అని వేదము శాసించుచున్నది. చేయుటయు మానుటయు వానివశమున లేనిచో ఆ శాసనము వ్యర్థము. రాతికి ఎవడును ఆజ్ఞ యీయడు. దాని వెంటనే పరాయత్తాధికరణము వచ్చి, ఆ కర్తృత్వము కూడ పరమాత్మకు అధీనమైనదే అని చెప్పుచున్నది. రెండింటిని పొసగించుటలోనే భాష్యకారుల ప్రతిభ కలదు. ఇద్దరికి ఉమ్మడిగ నున్న ఆస్తిని ఒకడు మూడవవాని కీయదలచెననుకొందము. రెండవ భాగస్వామి అనుమతి లేనిదే అది చెల్లదు. అనుమతి లభించినను ఇచ్చిన ఫలము ఇచ్చినవానిదే. అట్లే జీవుని మొదటి ప్రయత్నమును ఈశ్వరుడు తటస్థుడై చూచి, పిదప అనుమతి నిచ్చి, దానికి తగినట్లు మున్ముందుకు నడిపించును. అనుమతించుట చేత ఆయన కర్మఫలమునకు భాగస్వామి కాడు. వాన అన్ని పొలములపై నొకేరీతిగ కురియును. వరి విత్తినచోట వరియు, ముల్లు మొలచినచోట ముల్లును పెరుగుట వాన చేసిన పక్షపాతము కాదు.

దేశికులు తత్త్వముక్తాకలాపమునందును, గీతాభాష్య వ్యాఖ్యయైన తాత్పర్యచంద్రికయందును ఈ మార్గమునే బలపరచిరి. వాసనలు మొగ్గజూపును, బలవంతము చేయవు. ఏటివాలున పడవ ఎటు కొట్టుకొనిపోవునో అందరికిని తెలియును. చేతిలో తెడ్డు ఉన్నవాడు తెడ్డు లేదనుట మాత్రము అబద్ధము.

మాటలతో చెప్పిన దానిని ఆయన బ్రతుకున ఎట్లు నిలుపుకొనిరో చూతము. గృహస్థుడయ్యు దేశికులు ఉంఛవృత్తిని స్వీకరించిరి. ఆనాటికి చాలిన బియ్యము భిక్షగా తెచ్చుకొనుట, మరునాటికి నిలువ చేయకుండుట ఆయన నియమము. ఆయన దారిద్ర్యమును చూడలేక యెవరో బియ్యముతో బంగారు నలుసులను కలిపి యిడగా, అవి యేవో పురుగులని తలచి ఆయన దర్భకొనతో తీసి పారవేసిరని చెప్పుదురు. ఈ దారిద్ర్యము విధి వ్రాసినది కాదు. తాము ఎన్నుకొన్నది. ఈ భేదము ముఖ్యము. వివాహమునకు ధనము వలయునని యొక బ్రహ్మచారి వచ్చి యాచించినప్పుడు శ్రీస్తుతిని రచించి అమ్మవారిని వేడగా కనకవర్షము కురిసెనని ప్రతీతి. ఆ కనకమున ఆయన యింటికి వచ్చినది ఒక్కటియు లేదు. తరువాతి కాలమున విద్యారణ్యులు విజయనగర రాజాస్థానమునకు ఆహ్వానించినప్పుడు కూడ ఆయన వెళ్ళలేదు. ప్రత్యుత్తరముగ పంపిన శ్లోకములే వైరాగ్యపంచకమని సంప్రదాయము. తలవ్రాత యను మాట నమ్మినవాడు వచ్చిన ఐశ్వర్యమును వ్రాసియున్నదని పుచ్చుకొనును, రానిదానిని వ్రాయలేదని వదలును. వచ్చిన దానిని వద్దనుటకు తెడ్డు పట్టిన చేయి వలయును.

రహస్యత్రయసారమను ముప్పదిరెండు అధికారముల మహాగ్రంథమును దేశికులు మణిప్రవాళమున రచించిరి. దాని ఉపోద్ఘాతమున ఒక రాజకుమారుని కథ వచ్చును. పసితనమున తప్పిపోయి వేటగాండ్ర గూడెమున పెరిగిన రాజకుమారుడు తానును వేటగాడనే అనుకొనును. వాని మాట, తిండి, కోపము, సరదా అన్నియు గూడెపువే. ఎవరో ధార్మికులు వానిలో రాజలక్షణములను గుర్తించి, నీవు ఫలానివాని కొడుకవని చెప్పుదురు. అప్పటినుండి వాని నడత మారును, తండ్రిని చేరవలయునను తపన పుట్టును.

మానవుని స్వభావమును అతడు పెరిగిన పరిసరములు నిర్ణయించునని నేటివారు కొత్తగ కనుగొన్నట్లు చెప్పుచుందురు. దేశికులు ఆ మాటను కాదనలేదు. గూడెమున పెరిగినవాడు గూడెపువాడే అగునని ఆయనకు తెలియును. గూడెము వానికి అలవాటు నిచ్చినది కాని పుట్టుక నీయలేదు అనునది ఆయన చెప్పిన అదనపు మాట. జీవుడు స్వరూపముచేత భగవంతునకు శేషభూతుడు, ఆయన సొత్తు. ఈ పారతంత్ర్యము బానిసతనము కాదు, రాజు కొడుకగుట వంటిది. వినిన పిదప లేచి నడచుట యొక్కటియే కుమారుని వంతు. చెప్పువాడు ఎదురుపడుట కూడ వాని ప్రయత్నముచే జరిగినది కాదు.

ఈ నడచుటను గూర్చియే తరువాతి కాలమున సంప్రదాయమున పెద్ద చర్చ పెరిగినది. కోతిపిల్ల తల్లిపొట్టను తాను పట్టుకొనును. పిల్లికూనను తల్లియే నోట కరచుకొని పోవును. మోక్షమునకు జీవుని వైపునుండి కొంత పట్టు వలయునా, వలదా? దేశికులది మర్కటకిశోరపక్షమనియు, ఆయనకు పెద్దలైన పిళ్ళై లోకాచార్యులది మార్జాలకిశోరపక్షమనియు పంచిపెట్టుట అలవాటైనది. రెండు కలలుగ సంప్రదాయము గట్టిపడినది ఆ మహనీయులిద్దరును పరమపదించిన చాలకాలమునకు. దేశికుల వాక్యములను నిదానముగ చదివినవారికి అది కేవలము కోతిపట్టు కాదని తెలియును.

ఆయన చెప్పినది యిది. మోక్షమిచ్చునది భగవంతుడే, ఆయనయే సిద్ధోపాయము. జీవుడు చేయు ప్రపత్తి సాధ్యోపాయము. అది వెల కాదు, వ్యాజము మాత్రము. సముద్రమంత వరమునకు గుక్కెడు నీరు వెల యగునా? ఐనను ఆ వ్యాజము కూడ వలదన్నచో రెండు దోషములు వచ్చును. ఏ నిమిత్తమును లేక కొందరినే కరుణించినచో ఈశ్వరునకు పక్షపాతము, తక్కినవారిని విడుచుటచే నిర్దయత్వము అంటును. నిమిత్తమే అక్కరలేనిచో అనాదినుండి అందరును ముక్తులే కావలసియుండెను. కావున తలుపు తీయువాడు ఆయనయే, తట్టుట మాత్రము మనది. తట్టుటకు చేయి యిచ్చినదియు ఆయనయే.

ఇంట ఆరాధన చేయువారు ఆరంభమునను ముగింపునను సాత్త్వికత్యాగమును అనుసంధించుట ఎరిగినదే. ఈ పని నాది కాదు, ఫలము నాది కాదు, భగవంతుడే తన ప్రీతికై తానే చేయించుకొనుచున్నాడని తలచుట అది. అంతయు ఆయనయే చేయుచున్నచో మనము స్నానము చేసి, తులసి కోసి, దీపము వెలిగించుట ఎందులకని పిల్లలు అడుగుదురు. ఇక్కడ త్యజించునది పనిని కాదు, పని నాదను గర్వమును. తులసి కోయుట మానినవానికి సాత్త్వికత్యాగము చేయుటకు ఏమియు మిగులదు. ఇక తప్పు చేసి విధి యనువాని సంగతి. శరణాగతుడైనవాడు తెలియక చేసిన తప్పు అంటదు కాని, తెలిసి చేసి పశ్చాత్తాపపడనిచో తేలికయైన శిక్ష యైనను తప్పదని రహస్యత్రయసారము అపరాధపరిహారాధికారమున తేల్చి చెప్పుచున్నది. ఆ తప్పును భగవంతుని మీదకు నెట్టుటకు సాత్త్వికత్యాగము సాధనము కాదు.

తిరుమలేశుని సేవించి రచించిన దయాశతకమున దేశికులు ఇంకొక మెట్టు ఎక్కిరి. స్వామిని కాక స్వామి దయనే దేవిగ భావించి నూటయెనిమిది శ్లోకములతో కొలిచిరి. కర్మను తూచి దండించు అధికారము స్వామిది. ఆ దండమును ఆపుటకు ఏ చిన్న సాకు దొరకునా అని వెదకునది దయ. వ్యాజము వలయునని శాస్త్రచర్చలో పట్టుబట్టిన ఆచార్యులే, ఏడుకొండల మీద నిలిచినప్పుడు ఆ వ్యాజమును దయాదేవియే వెదకి తెచ్చుకొనునని చెప్పిరి. ఇది విరోధము కాదు. తర్కగోష్ఠిలో జీవుని వైపునుండి చూచిరి, కొండమీద స్వామి వైపునుండి చూచిరి.

శ్రీరంగమున ఒక్క రాత్రిలో రచించిన పాదుకాసహస్రమును గూర్చియు కొంత చెప్పవలయును. కోవెలలో శఠారిని శిరస్సున పెట్టించుకొను ప్రతి భక్తునకును ఆ పాదుకలు తెలిసినవే. తమంత తాము అడుగు వేయలేని వస్తువులవి. స్వామి అడుగెటు పడిన అటు పోవును. అట్టి పాదుకలే భరతుని నాడు పదునాలుగేండ్లు కోసలను ఏలినవి. పారతంత్ర్యము అశక్తత కాదని చెప్పుటకు దేశికులకు దొరికిన గొప్ప సాక్ష్యమది. వేయియెనిమిది శ్లోకములు ఊరక పొంగిరాలేదు.

పది అంకముల సంకల్పసూర్యోదయమున వివేకుడను రాజు, సుమతి యను రాణితో కూడి, పురుషుడను జీవుని విడిపించుటకై మహామోహుని సేనతో పోరాడును. కామక్రోధాదులతో యుద్ధమంతయు వివేకుడే చేయును, గెలుచును. అయినను నాటకమునకు వివేకవిజయమని పేరిడలేదు. చీకటిని పారద్రోలునది భగవత్సంకల్పమను సూర్యోదయము. రాత్రియంతయు మేలుకొన్నవాడు సూర్యుని పొడిపింపలేడు. నిద్రించినవానికి మాత్రము పొడిచిన సూర్యుడును కానరాడు.

తెలుగునేలకును దేశికులకును సంబంధము కలదు. సర్వజ్ఞసింగ నాయకుడను తెలుగుప్రభువు సంప్రదాయార్థములను తెలియగోరి శ్రీవైష్ణవులను పంపగా, తత్త్వసందేశ రహస్యసందేశములతో పాటు పండ్రెండు పద్ధతుల సుభాషితనీవిని దేశికులు వ్రాసి పంపిరని గురుపరంపర చెప్పుచున్నది. రాజు ఎవరిని చేరదీయవలయును, ఎవరిని దూరముంచవలయును, దాత యెట్లుండును, గర్వి యెట్లుండును అనునవి అందలి విషయములు. రాజు నడత ముందే వ్రాయబడియున్నదని నమ్మినవారు రాజునకు నీతిగ్రంథము వ్రాసి పంపరు.

ఇంతవరకు చెప్పినది పాండిత్యము. పరీక్ష 1323 ప్రాంతమున వచ్చినది. ఢిల్లీనుండి ఉలుగ్ ఖాన్ సేనలు దక్షిణమునకు దండెత్తిన కాలమది. ఆ దండయాత్రలోనే ఓరుగల్లు కూలినది, కాకతీయ ప్రతాపరుద్రుడు చెరపట్టబడెను. కృష్ణా గోదావరీ తీరముల గుడులు ఏ గతి పట్టినవో తెలుగువారికి తెలిసినదే. ఆ సేనలు కావేరీతీరమునకు వచ్చుచున్నవని శ్రీరంగమునకు వార్త చేరినది. దేశికులకు అప్పటికి ఏబదియైదేండ్లు. తనయుడు వరదాచార్యుడు ఏడేండ్లలోపు పసివాడు.

దైవము రాసినదే జరుగునని చేతులు ముడుచుకొని కూర్చుండుటకు ఆ దినమున శ్రీరంగమున ఎవరికైనను సాకు కలదు. స్వామి సర్వశక్తుడు గదా, తన గుడిని తాను కాపాడుకొనడా? భక్తి పేరిట వచ్చు ప్రశ్నలలో ఇది అతిప్రమాదకరమైనది. పెద్దలు ఆ ప్రశ్నతో కాలము గడుపలేదు. మూలమూర్తి కనబడకుండ గర్భగృహమునకు అడ్డముగ గోడ కట్టించిరి. ఉత్సవమూర్తియైన నంపెరుమాళ్ళను పిళ్ళై లోకాచార్యులు కొందరు పరిజనులతో పల్లకిలో వేంచేయింపజేసికొని రహస్యముగ దక్షిణపుదారి పట్టిరి. వయోవృద్ధులైన ఆయన అడవులు దాటి మధుర సమీపమున జ్యోతిష్కుడి యను పల్లెకు చేరి అచటనే పరమపదించిరి.

శ్రీరంగమున పండ్రెండువేలమంది వైష్ణవులు హతులైరని సంప్రదాయగ్రంథములు పేర్కొనుచున్నవి. వారిలో సుదర్శనసూరి యొకరు. వార్ధక్యముచే కదలలేని ఆయన తన శ్రుతప్రకాశిక తాళపత్రములను, తన యిద్దరు కుమారులను దేశికుల చేతిలో నుంచెను. ఐదేండ్ల బాలుడై తాను కూర్చున్న గోష్ఠిలోని గురువుల వాక్కే ఆ తాళపత్రములలో నున్నది. ఆ ప్రతి పోయినచో అమ్మాళ్ చెప్పిన పాఠము లోకమునుండి పోవును. తప్పించుకొనుటకు దారి లేక, దేశికులు ఆ బాలురతో, ఆ గ్రంథముతో రాత్రియంతయు శవముల నడుమ శవమువలె పడియుండిరి. శత్రువులు కదలిన పిదప లేచి పశ్చిమముగ నడచి కన్నడదేశమున సత్యాగాలమును చేరిరి.

పిల్లికూన వలె ఊరకుండవలయునని బోధించిరని లోకము చెప్పుకొను లోకాచార్యులు ఆ రాత్రి స్వామి పల్లకివెంట అడవులబట్టి నడచిరి. కోతిపిల్ల వలె గట్టిగ పట్టుకొనవలయునని బోధించిరని చెప్పుకొను దేశికులు కదలక మెదలక పడియుండిరి. ఇద్దరును తమ చేతనైనది చేసిరి. చేయగలదేమియు లేని క్షణమున పెరుమాళ్ళకు విడిచిరి. రెండు పక్షములుగ వారిని పంచుకొన్నవారు ఈ రాత్రిని మరచిరి.

సత్యాగాలమునుండి దేశికులు యదుగిరియైన మేల్కోటకు వెళ్ళి చెలువపిళ్ళై సన్నిధిలో ఏండ్లకొలది నివసించిరి. సుదర్శనసూరి కుమారులను పెంచి విద్య చెప్పిరి. కాపాడి తెచ్చిన శ్రుతప్రకాశికను శ్రీభాష్యముతో జోడించి ప్రవచనము చేసి శిష్యులచే ప్రతులు వ్రాయించిరి. నేడు శ్రీభాష్యము చదువు ప్రతివిద్యార్థియు శ్రుతప్రకాశికను తెరచుచున్నాడన్నచో ఆ ఒక్క రాత్రి అందులకు కారణము. శ్రీరంగము భయమునుండి విముక్తము కావలయునని రంగనాథుని వేడుచు అభీతిస్తవమును రచించినదియు ఆ ప్రవాసకాలముననే. మధురలో సుల్తానుల యేలుబడి స్థిరపడినది. నంపెరుమాళ్ళు ఊరూర దాగుచు తుదకు తిరుమల చేరిరి. ఇప్పటి రంగనాయకమండపము ఆ స్వామి విడిదిచేసిన స్థలమని తిరుమలయాత్రికులకు చూపుదురు. దశాబ్దములు గడచినవి. వేడుకొనుట ఆపలేదు, ఫలము ఎప్పుడని లెక్క కట్టలేదు.

విజయనగర రాజకుమారుడు కంపరాయలు మధురను జయించిన పిదప, చెంజి పాలకుడైన గోపణార్యుడు తిరుమలనుండి స్వామిని చెంజికిని, అచటనుండి శ్రీరంగమునకును వేంచేయింపజేసి పునఃప్రతిష్ఠ గావించెను. శ్రీరంగశాసనమున ఈ ఘట్టము శకవర్షము 1293గా, అనగా 1371గా చెక్కబడియున్నది. గోపణుని కీర్తించుచు అచట గోడపై చెక్కిన శ్లోకములు దేశికులవే అనియు, ఆయన కన్నులార ఆ ప్రతిష్ఠను చూచిరనియు సంప్రదాయము. ఆయన పరమపదించినది 1369లో సౌమ్య సంవత్సరమున అని కూడ సంప్రదాయమే చెప్పుచున్నది. ఈ రెండేండ్ల వ్యత్యాసమును గూర్చి చరిత్రకారులు వాదించుకొనుచుందురు. శ్రీవైష్ణవులు మాత్రము ఆయన స్వామిని మరల సేవింపకయే వెళ్ళెనని నమ్మనొల్లరు.

నూటయొకటవ యేట, వృశ్చికమాసమున కృత్తికానక్షత్రమునాడు దేశికులు తనయుడైన వరదాచార్యుల ఒడిలో శిరస్సును, శిష్యులైన బ్రహ్మతంత్రస్వతంత్ర జీయరు ఒడిలో పాదములను ఉంచి, చుట్టును శిష్యులు ఉపనిషత్తులను తిరువాయ్‌మొళిని పారాయణ చేయుచుండగా శరీరమును విడిచిరి. తాము నిత్యము ఆరాధించిన హయగ్రీవమూర్తిని ఆ జీయరు స్వీకరించిరి. ఆయనతో ఆరంభమైన పరకాలమఠము మైసూరున నేటికిని నెలకొనియున్నది. ఆ పీఠమునెక్కిన ప్రతి యతీంద్రుడును బ్రహ్మతంత్రస్వతంత్రుడను పేరునే ధరించి, ప్రతిదినమును ఆరాధనకు ముందు సాత్త్వికత్యాగము చెప్పి, లక్ష్మీహయగ్రీవుని తిరువారాధనమున కూర్చుండును.